తొందరలేని బస్సు ప్రయాణము: బర్గండీ సీమలో పోయినవి, మిగిలినవి

(సంఘ సాయంకాల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



2024 మే నెలలో నేను ఫ్రాన్సు దేశములోని బర్గండీ ప్రాంతములో ఎనిమిది దినములు బస్సులో తిరిగి వచ్చాను. ఆ సంగతులు చెప్పవలెనని కార్యదర్శిగారు కోరారు. ఫ్రాన్సు అనగానే మనవారికి పారిస్, ఈఫెల్ టవరు గుర్తుకు వస్తాయి. గోదావరి జిల్లాల వారికైతే 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాము గుర్తుకు వస్తుంది. నేను పారిస్ చూడలేదు. ఈఫెల్ టవరు ఎంత ఎత్తున్నదో నన్ను అడగవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను. నేను చూచినవి పల్లెలు, పచ్చిక బయళ్లు, పాత మఠములు, ఒక పాత ఆసుపత్రి. వీటిలో కొన్ని పోయినవి, కొన్ని మిగిలినవి. ఏవి పోయినవి, ఏవి మిగిలినవి, ఎందుచేత అన్నదే ఈ సాయంకాలము మీ ముందు ఉంచదలచాను. నూరేండ్ల పండుగ చేసుకొంటున్న మనకు ఆ ప్రశ్న పనికివస్తుందని నా నమ్మకము.

ఇంగ్లండులో మనతో స్నేహసంబంధమున్న ఒక సంఘమువారు నన్ను కొన్ని కూటములకు పిలిచారు. ఆ సంఘములోని పెద్దవారు ఏటేటా ఒక బస్సు మాట్లాడుకొని ఏదో ఒక సీమకు వెళ్తారు. ఆ యేడు బర్గండీ వంతు వచ్చింది. బస్సులో ఒక సీటు ఖాళీ ఉన్నది, మీరూ రండి అన్నారు. ముప్పదిమందికి పైగా ఉన్నాము. నలుబదులలో ఉన్న నేనే అందరికంటె చిన్నవాడను. చేతికర్రలు, మందుల డబ్బాలు, ఫ్లాస్కులలో టీ, అల్లిక ఊలు. మన తీర్థయాత్ర బస్సులలో పులిహోర పొట్లములు ఎట్లాగో వారికి బిస్కత్తుల డబ్బాలు అట్లాగు.

ఆ ప్రయాణములో నన్ను మొదట ఆకర్షించినది ఒక చట్టము. యూరపులో బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపిన తరువాత 45 నిమిషములు తప్పక విశ్రమించవలెను. దినమునకు సాధారణముగా 9 గంటలకు మించి నడపరాదు. ఇదంతా బస్సులోనే ఉన్న ఒక చిన్న యంత్రము వ్రాసిపెట్టుకొంటుంది, పోలీసులు అడిగితే చూపవలెను. కాబట్టి ఎంత తొందరపడినా బస్సు ఆగవలసినదే. పనివానికి విశ్రాంతి ఇవ్వవలెనన్న ఆజ్ఞ మోషే ధర్మశాస్త్రములో ఎప్పుడో ఉన్నది. దానిని అమలుచేసే యంత్రము నేను అక్కడ చూచాను. రాత్రంతా మేలుకొని లారీలు, బస్సులు నడిపే మన సంఘపు పిల్లలు నా మనస్సులో మెదిలారు.

ఆగిన ప్రతిచోటా దిగినందువలన ఆ దేశము మాకు మెల్లమెల్లగా తెలిసివచ్చింది. డోవరు రేవులో ఓడ ఎక్కి కలే రేవులో దిగి, మొదటి రాత్రి త్రువా పట్టణములో మకాము చేశాము. మరునాడు బర్గండీలో ప్రవేశించాము. ఒకప్పుడు ఇది గొప్ప డ్యూకుల రాజ్యము. 1363 నుండి 1477 వరకు నలుగురు డ్యూకులు వరుసగా ఏలారు, వారి సిరికి ఫ్రాన్సు రాజులే అసూయపడేవారట. నాలుగవ డ్యూకు 1477లో నాన్సీ దగ్గర యుద్ధములో చనిపోగా ఆ సీమను ఫ్రాన్సు రాజు కలుపుకొన్నాడు. ఇప్పుడు రాజ్యము లేదు, డ్యూకులు లేరు. 2016లో పక్క ప్రాంతముతో కలిపి ఒకే పరిపాలనా ప్రాంతముగా చేశారు. అయినను బర్గండీ అంటే అక్కడివారికి ఇప్పటికీ ఒక రుచి, ఒక యాస, ఒక గర్వము.

మే నెల గనుక పచ్చిక మోకాలి ఎత్తున ఉన్నది. దానిలో తెల్లని ఆవులు. షారొలే అనే జాతి, పాలకంటె మాంసమునకే పెంచుతారు. పొలములకు రాతిగోడలు కాదు, ముళ్లచెట్ల కంచెలు. మధ్యమధ్య పసుపు ఆరబోసినట్లు పూచిన చేలు. ఆవాలేమో అనుకొంటే, కాదు, నూనె తీసే మరొక పంట అన్నారు. డిజోన్ పట్టణము ఆవాల ముద్దకు లోకప్రసిద్ధి గదా. కాని ఆ ముద్దకు కావలసిన ఆవాలలో ఎక్కువ భాగము కెనడా నుండి వస్తాయట. 2021లో కెనడాలో వానలు లేక పంట పోతే 2022లో ఫ్రాన్సు దుకాణములలో ఆవాల ముద్ద దొరకలేదు. ఆవకాయ పెట్టే మన తల్లులకు ఆ బాధ చెప్పకుండానే తెలుస్తుంది. పేరు ఒక ఊరిది, గింజ మరొక ఖండముది! వారసత్వమని మనము గొప్పగా చెప్పుకొనేవాటిలో ఇటువంటివి ఎన్ని ఉన్నవో.

పల్లెటూళ్లలో మర్యాద ఒకటి నేర్చుకొన్నాను. దుకాణములో అడుగుపెట్టగానే ముందు ‘బోన్‌జూర్’ అని వందనము చెప్పవలెను, తరువాతనే ఏమి కావలెనో అడగవలెను. చెప్పకుండా వస్తువు అడిగితే మోటుతనము. మధ్యాహ్నము పన్నెండు దాటితే చాలా దుకాణములు రెండు గంటల వరకు మూసివేస్తారు. రొట్టె ఏపూటకాపూట కొనుక్కొంటారు. బట్టలుతుకుటకు ఊరి మధ్య పెంకు కప్పుతో పాత చాకిరేవులు ఉన్నాయి. ఇప్పుడు ఎవరూ ఉతకరు గాని వాటిని కూలగొట్టలేదు, పూలకుండీలు పెట్టి కాపాడుతున్నారు.

మేము వెళ్లిన రెండవ దినము మే 8. 1945లో యూరపులో యుద్ధము ముగిసిన దినము గనుక సెలవు. దాదాపు ప్రతి ఊరిలోను గుడి దగ్గరో పంచాయతి కచేరి దగ్గరో ఒక రాతి స్తంభము ఉంటుంది. 1914–18 యుద్ధములో చచ్చిపోయిన ఆ ఊరివారి పేర్లు దానిమీద చెక్కి ఉంటాయి. క్రింద 1939–45 యుద్ధములో పోయినవారి పేర్లు. ఆ దినమున ప్రతి స్తంభము దగ్గర పూలు, జెండాలు. మేము టీ త్రాగుటకు ఆగిన ఒక చిన్న ఊరిలో నేను ఆ పేర్లు చదివాను. ఒకే ఇంటిపేరు మూడుసార్లు వచ్చింది. అన్నదమ్ములో, తండ్రికొడుకులో! నూరేండ్లు దాటినా ఆ పేర్లు చెరిగిపోకుండా ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ రంగు వేస్తున్నారు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. చివరకు దీని దగ్గరకు వస్తాను.

ఆ మధ్యాహ్నమే ఫోంతెనే మఠము చూచాము. క్లేర్వో మఠపు బెర్నార్డు 1118లో దీనిని స్థాపించాడు. అడవి మధ్య లోయలో, వాగు ప్రక్కన ఉన్నది. బెర్నార్డు అనుచరులకు అలంకారము పనికిరాదు. గుడిలో రంగు అద్దములు లేవు. తెల్లని రాయి, దానిమీద వెలుగు, అంతే. సన్యాసులందరు ఒకే పొడుగుపాటి గదిలో పండుకొనేవారు, ఆ గదికి నిప్పు లేదు. చలికాలములో వెచ్చచేసుకొనుటకు, వ్రాతపనివారి సిరా గడ్డకట్టకుండుటకు క్రింద ఒక చిన్న గది మాత్రము ఉన్నది. ప్రార్థనతోపాటు పని కూడ వారికి నియమమే. వాగు నీటితో చక్రము త్రిప్పి ఇనుము సాగగొట్టిన కమ్మరిశాల నేటికీ నిలిచి ఉన్నది.

1789 విప్లవము తరువాత మఠముల ఆస్తులన్నీ జాతీయ ఆస్తులయ్యాయి, వేలము వేశారు. ఫోంతెనేను కొన్నవారు దానిని కాగితపు మిల్లు చేశారు. పవిత్రమైన చోట మిల్లా అని మనకు కష్టము తోచవచ్చును. కాని మిల్లు పెట్టినందువలననే గోడలు పడిపోకుండా ఉన్నవి. 1906లో ఒక బ్యాంకరు దానిని కొని మిల్లు కట్టడములు తీయించి పూర్వపు రూపునకు తెచ్చాడు. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పనికి వచ్చిన కట్టడము బ్రతుకుతుంది అన్న మొదటి పాఠము నాకు అక్కడ దొరికింది.

మూడవ దినము గురువారము, ప్రభువు ఆరోహణ దినము. ప్రభుత్వమునకు మతముతో సంబంధము లేదని 1905లోనే చట్టము చేసిన దేశములో ఆరోహణ పండుగ ఇప్పటికీ జాతీయ సెలవు! ఆ దినమున వెజ్‌లే వెళ్లాము. కొండమీద ఊరు, ఊరి కొసను మగ్దలేనే మరియ పేరిట పెద్ద గుడి. స్పెయిన్ దేశపు సంత్యాగోకు నడిచిపోయే యాత్రికులు బయలుదేరే చోట్లలో ఇది ఒకటి. ముసలివారితో కలిసి ఆ వీధి ఎక్కుటకు అరగంట పట్టింది.

గుడి లోపలి ద్వారము పైన అర్ధచంద్రాకారపు రాతి శిల్పమున్నది, 12వ శతాబ్దపు పని. మధ్య క్రీస్తు, ఆయన చేతులనుండి కిరణములు అపొస్తలుల తలలమీదికి వస్తున్నాయి. పెంతెకొస్తు దినము, శిష్యులను లోకమంతటికి పంపుట, రెండూ కలిపి చెక్కినట్లు ఉన్నది. చుట్టూ, క్రింద, లోకములోని నానా జాతులు. కుక్క తలలవారు, చేటలంత చెవులవారు, నిచ్చెన వేసుకొని గుఱ్ఱమెక్కుతున్న మరుగుజ్జులు. ఆనాటి యూరపువారు దూరదేశముల ప్రజలను అట్లా ఊహించుకొన్నారు. కుక్క తలలవారు ఇండియాలో ఉంటారని పూర్వపు గ్రీకు గ్రంథములలో వ్రాసి ఉన్నది. నా ప్రక్కన నిలిచిన ఒక పెద్దాయన కొంచెము సిగ్గుపడి నా ముఖము చూచాడు. నేను నవ్వాను. మనలను గురించి వారికి ఏమీ తెలియదు, నిజమే. అయినను క్రీస్తు చేతులు చాచిన పరిధిలోనే మనలను ఉంచారు, బయట పెట్టలేదు. చూడని మనుష్యులకు కూడ తలుపు మీద చోటు ఇచ్చిన శిల్పి పేరు ఎవరికీ తెలియదు.

అదే కొండమీద 1146లో, ఈస్టరు దినమున, ఫోంతెనేను స్థాపించిన ఆ బెర్నార్డే రెండవ క్రూసేడు యుద్ధమునకు జనమును పురికొల్పాడు. ఆ యుద్ధము ఘోరమైన ఓటమితో ముగిసింది. ఒకే మనిషి నిరాడంబరమైన గుడి కట్టించాడు, యుద్ధమునకు పిలుపు కూడ ఇచ్చాడు. వారసత్వమును తలచుకొనేటప్పుడు రెండూ చెప్పవలెను. మంచిని మాత్రమే చెప్పితే అది చరిత్ర కాదు, పొగడ్త.

వెజ్‌లే గుడి 19వ శతాబ్దము నాటికి కూలే స్థితికి వచ్చింది. చారిత్రక కట్టడముల తనిఖీ అధికారి ప్రోస్పెర్ మెరిమే దానిని చూచి ప్రభుత్వమును కదిలించాడు. 1840లో మరమ్మతు పని వియొలే ల్ దుక్ అనే యువకుని చేతికి వచ్చింది. అప్పటికి అతనికి 26 సంవత్సరములు. యౌవనస్థులకు బాధ్యత అప్పగించుటకు వెనుకాడే సంఘములు ఆ వయస్సును గమనించవలెను.

నాలుగవ దినము డిజోన్. ఇక్కడ మొదటి డ్యూకు తన వంశపు సమాధుల కొరకు ఒక మఠము కట్టించాడు. దాని ఆవరణలో బావి మధ్య, క్లౌస్ స్లూటర్ అనే శిల్పి 1395 మొదలుకొని కొన్నేండ్లపాటు ఒక గొప్ప సిలువను, దాని క్రింద ఆరుగురు ప్రవక్తలను చెక్కాడు. మోషే, దావీదు, యిర్మీయా, జెకర్యా, దానియేలు, యెషయా, అందరు నిలువెత్తు మనుష్యులు. ముడతలుపడ్డ యెషయా ముఖము, జంటపాయల గడ్డముతో మోషే, నిజముగా మనతో మాట్లాడబోతున్నారా అన్నట్లు ఉంటారు. విప్లవములో మఠము పోయింది. పైనున్న సిలువ ముక్కలు కొన్ని మాత్రము మ్యూజియములో ఉన్నాయి. క్రింది ప్రవక్తలు నిలిచారు. ఇప్పుడు ఆ స్థలము ఏమిటో తెలుసునా? మానసిక రోగుల ఆసుపత్రి. 19వ శతాబ్దము నుండి అక్కడ అదే పని జరుగుతున్నది. డ్యూకు తన శవమునకని కట్టించిన చోట ఇప్పుడు మనస్సు నలిగినవారు చికిత్స పొందుతున్నారు. చెట్లక్రింద బల్లమీద కూర్చున్న ఒక రోగి మా గుంపును చూచి చెయ్యి ఊపాడు. ఆ ప్రవక్తలకు తగిన పొరుగువారు వారే అనిపించింది.

అయిదవ దినము శనివారము, బోన్ పట్టణము. నా ప్రయాణమంతటికీ గుండెకాయ వంటి చోటు ఇదే. నూరేండ్ల యుద్ధముతో, కరవుతో ఆ సీమ చితికిపోయిన కాలములో, 1443లో, డ్యూకుగారి మంత్రి నికోలా రోలాన్, అతని భార్య గిగోన్ ద సాలాన్ బీదల కొరకు ఒక ఆసుపత్రి స్థాపించారు. దానికి ‘దేవుని గృహము’ అని అర్థము వచ్చే పేరు. 1452 జనవరి 1న మొదటి రోగిని చేర్చుకొన్నారు. కప్పు చూడవలెను! ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల మెరుగు పెంకులతో ముగ్గు పెట్టినట్లు ఉంటుంది. లోపల బీదల గది సుమారు 50 మీటర్ల పొడవు, పడవ బోర్లించినట్లు చెక్క కప్పు. రెండు వరుసల మంచములు, ఎఱ్ఱని తెరలు. గది కొసను బలిపీఠము. లేవలేని రోగి మంచములో ఉండియే ఆరాధన చూడగలిగేట్లు కట్టారు.

రోలాన్ పరిశుద్ధుడని చెప్పబోవడము లేదు. అధికారములో చాల సంపాదించాడు. పదకొండవ లూయీ రాజు ఒక ఎత్తిపొడుపు మాట అన్నాడని అక్కడ చెప్పుకొంటారు: అంతమందిని బీదలను చేసినవాడు వారికొక ఆసుపత్రి కట్టుట న్యాయమే గదా అని. మాట వాడిగా ఉన్నా మంచములు మాత్రము నిజము.

బలిపీఠముపై ఉండిన చిత్రపటము ఇప్పుడు వేరే గదిలో ఉన్నది. రోజీర్ వాన్ డెర్ వేడెన్ వ్రాసిన అంత్యతీర్పు పటము. దూత త్రాసు పట్టుకొని ఉన్నాడు. ఒక వైపు వారు వెలుగులోనికి, మరొక వైపు వారు అగ్నిలోనికి పోతున్నారు. కాని ఆ పటములో దయ్యములు లేవు. ఎవరూ ఎవరినీ ఈడ్చుకొనిపోవడము లేదు, తమంతట తామే నడిచిపోతున్నారు. అంత్యతీర్పు మీద ఇన్నేండ్లు ప్రసంగించిన నాకు ఆ పటము ముందు మాట రాలేదు.

మా గుంపులో నలుబది సంవత్సరములు నర్సుగా పనిచేసి విరమించిన ఒక వృద్ధురాలు ఉన్నది. అందరు కప్పు వైపు చూస్తుంటే ఆమె మాత్రము మంచముల మధ్య ఎడము చూచింది, తెరల వెనుక నర్సులు తిరిగే దారి చూచింది, ఇత్తడి గిన్నెలు చూచింది. ‘రాత్రి డ్యూటీ ఎరిగినవారే దీనిని కట్టించారు’ అన్నది. ఆ తరువాత బయటకు వచ్చి చాలసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఆసుపత్రి 1971 వరకు, అనగా 500 సంవత్సరములకు పైగా, ఆ కట్టడములోనే రోగులను చూచింది. విప్లవములో మఠములు అమ్ముడుపోయినప్పుడు కూడ ఇది మూతపడలేదు. 1971లో ఊరిలోనే కొత్త కట్టడమునకు మారింది, నేటికీ నడుస్తున్నది. ఎట్లా నడుస్తున్నది? 15వ శతాబ్దము నుండి దాతలు ఇచ్చిన ద్రాక్షతోటలు సుమారు 60 హెక్టార్లు, అనగా దాదాపు 150 ఎకరములు, ఆసుపత్రికి ఉన్నాయి. 1859 నుండి ఆ ద్రాక్షారసమును బహిరంగముగా వేలము వేస్తున్నారు. ఏటేటా నవంబరు మూడవ ఆదివారమున ఆ పాట జరుగుతుంది. పూర్వము చిన్న కొవ్వొత్తులు ఆరిపోవువరకు పాట సాగేదట. ద్రాక్షారసము పేరు ఎత్తగానే మద్యనిషేధ సంఘమువారు నా వైపు చూస్తున్నారు. నేను అక్కడ త్రాగినది మంచినీళ్లే. కాని కోతపండుగనాడు మన గుడి ఆవరణలో ఒక సొరకాయ, ఒక కోడిపుంజు వేలమునకు పెట్టి పదింతల ధరకు పాడుకొనే మనకు ఆ వేలము అర్థము కావలసినంత అర్థమవుతుంది. భూమి ఇచ్చినవారు చనిపోయారు, తోట పండుతూనే ఉన్నది, రోగికి మందు అందుతూనే ఉన్నది. ఇచ్చిన భూమి ఇచ్చిన పనికే అయిదు శతాబ్దములు నిలిచింది.

మరునాడు ఆదివారము క్లూనీ వెళ్లాము. 910లో అక్విటేన్ డ్యూకు విలియము ఇచ్చిన భూమిలో క్లూనీ మఠము పుట్టింది. ఏ జమీందారు చేయి పెట్టకుండా నేరుగా పోపు అధికారము క్రింద ఉంచాడు. రెండు వందల ఏండ్లలో యూరపంతటా వెయ్యికి పైగా మఠములు దాని క్రిందికి వచ్చాయి. 1088లో మొదలుపెట్టిన మూడవ గుడి 187 మీటర్ల పొడవు. రోమాలో నేటి సెయింట్ పీటర్స్ దేవాలయము లేచేవరకు క్రైస్తవలోకములో అంత పెద్ద గుడి మరొకటి లేదు.

ఆ గుడి ఇప్పుడు లేదు. 1798లో దానిని అమ్మివేశారు. కొన్నవారు రాళ్ల కొరకు కూలగొట్టారు. 1823 వరకు ఆ పని సాగింది. మధ్యలో నుండి వీధి వేశారు. నెపోలియను అక్కడ గుఱ్ఱముల పెంపకశాల పెట్టించాడు. మిగిలినది ఒక ప్రక్క భాగము, దానిమీద ఒక గోపురము, మొత్తములో పదింట ఒక వంతు కూడ కాదు. వీధిలో నడుస్తుంటే స్తంభముల మొదళ్లు కనబడతాయి. ఇక్కడ నడిమి దారి, అక్కడ బలిపీఠము అని మార్గదర్శి చూపుతుంటే, మేము ఎండలో ఏమీ లేని చోటును చూస్తూ నిలబడ్డాము. క్లూనీవారు బీదలకు అన్నము పెట్టలేదని కాదు, పెట్టారు. కాని చివరి శతాబ్దములలో మఠపు ఆదాయము ఆ చోట ఎన్నడూ కాపురముండని గొప్ప వంశముల మఠాధిపతుల చేతికి పోయింది. వేలము వచ్చిన దినమున అంత పెద్ద గుడి తమకు కావలెనని అడ్డుపడి నిలుపగలవారు లేకపోయారు. బోన్ ఆసుపత్రి మాత్రము పోతే జ్వరము వచ్చిన ప్రతి ఇంటికీ తెలిసేది.

అయినను క్లూనీ పూర్తిగా పోలేదు. ఆ మాట అక్కడ వారికంటె మనకే బాగా తెలిసి ఉండవలెను. నవంబరు 2వ తేదీన మనము ఏమి చేస్తాము? సమాధులకు సున్నము కొట్టి, పూలు పెట్టి, చీకటిపడగానే కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తాము. చనిపోయినవారిని తలచుకొనుటకు ఆ తేదీని ఏర్పాటుచేసినవాడు క్లూనీ మఠాధిపతి ఓడిలో, సుమారు వెయ్యి సంవత్సరముల క్రితము. తన మఠములన్నిటిలో ఆ దినమును ఆచరించవలెనని చెప్పాడు, అక్కడనుండి లోకమంతటా ప్రాకింది. చనిపోయినవారి కొరకు ప్రార్థించుట అతని ఉద్దేశము. వారి కొరకు దేవునికి స్తోత్రము చెల్లించుట మన పద్ధతి. కాని తేదీ అదే. 187 మీటర్ల రాతి గుడి కూలిపోయింది. ఓడిలో వెలిగించిన చిన్న దీపము మన ఊరి శ్మశానములో, సరుగుడు చెట్ల క్రింద, ఏటేటా వెలుగుతున్నది.

క్లూనీ నుండి పది కిలోమీటర్లు పోతే తైజే అనే చిన్న పల్లె. 1940లో, ఫ్రాన్సు ఓడిపోయిన వేళ, రోజర్ అనే 25 ఏండ్ల స్విట్జర్లాండు యువకుడు అక్కడ ఒక ఇల్లు కొన్నాడు. జర్మనులు గీసిన సరిహద్దు గీత దగ్గరలో ఉన్నందున పారిపోయి వచ్చేవారికి, వారిలో యూదులకు, ఆశ్రయమిచ్చాడు. 1942లో ప్రాణభయముతో వెళ్లిపోవలసివచ్చింది, 1944లో తిరిగి వచ్చాడు. ప్రొటెస్టెంట్లు, కతోలికులు కలిసి జీవించే సహోదరుల సమాజము అక్కడ పెరిగింది. తమ కొరకు వారు విరాళములు పుచ్చుకొనరు, కుండలు చేసి, పుస్తకములు అచ్చువేసి బ్రతుకుతారు. 1962లో కట్టిన సమాధానపు గుడి యుద్ధములో జరిగినదానికి ప్రాయశ్చిత్తముగా జర్మను యువకులు వచ్చి కట్టినది. 2005లో, తొంబది ఏండ్ల వయస్సులో, బ్రదర్ రోజర్ సాయంకాల ప్రార్థనలోనే హత్య చేయబడ్డాడు. ప్రార్థన ఆగలేదు.

ఆ సాయంకాలము మేము అక్కడ నేలమీద కూర్చున్నాము, మోకాళ్ల నొప్పులవారు బల్లలమీద. నానా దేశముల యువతీయువకులు వందలమంది. చిన్న పాటలు, ఒక్కొక్కటి మరల మరల. పాటల మధ్య చాలసేపు నిశ్శబ్దము. మైకు లేకుండా ఆరాధన చేయలేమనుకొనే మనవారు ఆ నిశ్శబ్దమును ఒక్కసారి వినవలెను. అంత పెద్ద గుడి శిథిలమునకు పది కిలోమీటర్ల దూరములో, రేకులు, చెక్కలతో పెంచుకొంటూ పోయిన ఈ గుడి జనముతో నిండి ఉన్నది.

సహోదరీ సహోదరులారా, సోమవారము తిరుగుప్రయాణము మొదలుపెట్టి మంగళవారము ఇంగ్లండు చేరాము. విమానములో రెండు గంటల దూరమునకు ఎనిమిది దినములు పట్టాయి. అంత మెల్లగా పోకపోతే ఆ స్తంభముల మీద పేర్లు చదివేవాడను కాను.

మన వైపు చూచుకొందాము. నూరేండ్ల క్రితము మనకు గుడులు వచ్చాయి, బడులు వచ్చాయి, ఆసుపత్రులు వచ్చాయి, వాటికి భూములు వచ్చాయి. ఆ ఆసుపత్రులలో కొన్ని నేడు తాళము వేసి ఉన్నవి. కొన్ని భూములు ఏ పనికి ఇచ్చారో చెప్పగలిగినవారు తగ్గిపోతున్నారు. ఈ పండుగ సంవత్సరములో గుడికి కొత్త రంగు వేస్తాము, గోపురమునకు దీపములు కడతాము. వేయవలసినదే. కాని గుడి రంగుకు ముందు మందుల గది తలుపు తెరుచునా అని కమిటీవారు ఒక్కసారి చూడవలెను. వారమునకు రెండు దినములు ఒక నర్సమ్మ వచ్చి ముసలివారికి రక్తపోటు చూచినా చాలును. మన గుడి రేపు లేకపోతే ఈ ఊరిలో ఎవరి ఇంటికి లోటు తెలుస్తుంది? మన సభ్యులకే కాదు, గుడికి రానివారికి కూడ లోటు తెలియవలెను.

రెండవది యౌవనస్థులతో చెప్పుచున్నాను. రాబోయే నవంబరు 2న సమాధుల పండుగకు కొవ్వొత్తులతోపాటు ఒక నోటుపుస్తకము, ఒక పెన్ను తీసుకొని వెళ్లండి. మన శ్మశానములో పాత ఉపదేశుల సమాధులు ఉన్నాయి, ఊరూరు నడిచి తిరిగిన బైబిలు స్త్రీలవి ఉన్నాయి, కలరా రోజులలో రోగులను చూచి తామే చనిపోయినవారివి ఉన్నాయి. పేర్లు అరిగిపోతున్నాయి. సున్నము పొరలక్రింద కొన్ని ఇప్పటికే కనబడవు. చేతితో తడిమి అయినా అక్షరములు పట్టుకోండి. పేరు, ఊరు, సంవత్సరము వ్రాసుకోండి. తెలియనివాటిని అమ్మమ్మలను, తాతయ్యలను అడగండి, వారు ఇంకను మన మధ్య ఉన్నారు. ఆ పుస్తకమును తెచ్చి నాకు ఇవ్వండి. ఆదివారమునకు పది పేర్ల చొప్పున ఆరాధనలో చదువుదాము.

ప్రభువు మిమ్మును దీవించును గాక.